నక్షత్రానికి వాన పరీక్ష

వాన మొదలైందని మా ఇంట్లో ముందుగా తెలిసేది ఆకాశాన్ని చూసి కాదు, మెయిన్ స్విచ్ చప్పుడు విని. నాలుగు చినుకులు పడితే చాలు, నాన్న ఎక్కడున్నా వచ్చి దాన్ని టక్కున కిందికి లాగేసేవాడు. ఫ్యాను ఆగిపోయేది. రేడియోలో వార్తలు సగంలో తెగిపోయేవి. అమ్మ చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకునేది. రేపల్లెలో మా పేటంతా దీపాలతో ఉంటే మా ఒక్క ఇల్లు గుడ్డిగా ఉండేది. "కరెంటాఫీసు వాళ్ళు కూడా ఇంత తొందరగా తియ్యరండి" అని అమ్మ దెప్పేది. నాన్న ఆ మాటకి కోపం తెచ్చుకునేవాడు కాదు. వరండాలో కుర్చీ వేసుకుని, వాన వెలిసేదాకా మేలుకునే ఉండేవాడు. రాత్రంతా కురిస్తే రాత్రంతా కూర్చునేవాడు. మర్నాడు బడిలో లెక్కలు చెబుతూ కునికిపాట్లు పడేవాడు. పిల్లలకి అందుకే వానాకాలం అంటే ఇష్టమట.

అది చాదస్తం కాదని మాకు తెలుసు. నాన్నకి ఒక తమ్ముడుండేవాడు. వేమూరు దగ్గర మా తాతగారి ఊళ్ళో, కరెంటు వచ్చిన కొత్తల్లో, ముసురు పట్టిన ఒక పొద్దున ఆ బాబాయి స్నానం చేసొచ్చి తడి తువ్వాలు ఇనప తీగ మీద ఆరేశాడు. పశువుల పాకలోకి లాగిన లైటు వైరు కూడా ఆ తీగ కట్టిన గుంజకే చుట్టి ఉంది. వైరు అతుకు మీది టేపు తడిసి ఊడిపోయింది. నాన్న పక్కనే నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. ఇంతకు మించి నాన్న ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మా పెరట్లో బట్టలకి కొబ్బరి తాడే తప్ప తీగ అన్నది ఎన్నడూ లేదు.

ఈ భయాన్ని ఏడాదంతా భరించొచ్చు గాని, డిసెంబరు వచ్చేసరికి అమ్మకి ప్రాణం మీదికొచ్చేది. మాది లూథరన్ల పేట. ఆ నెలలో ప్రతి ఇంటి ముందూ ఎత్తుగా వెదురు బద్దల నక్షత్రం లేస్తుంది, దాని కడుపులో బల్బు వెలుగుతుంది. తెల్లవారుజామున చర్చి నుంచి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ వాళ్ళు డోలకుతో బయల్దేరి, నక్షత్రం వెలిగే ఇంటి ముందల్లా ఆగి పాడతారు. వెలగని ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అనుకుని, నిద్ర చెడగొట్టకుండా దాటిపోతారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, పేట మర్యాద. మా నక్షత్రంలో బల్బు ఉండేది కాదు. కాబట్టి ఏటా వాళ్ళు మా ఇల్లు దాటబోయేవాళ్ళు. అమ్మ లాంతరు పట్టుకుని చలిలో గేటు దగ్గర నిలబడి, "ఇక్కడ కూడా బాబూ" అని పిలిచేది. పిలిస్తే వచ్చేవాళ్ళు, పాడేవాళ్ళు, అమ్మ నూనెలో వేయించిన గులాబీ పువ్వులు తిని టీ తాగి, వందనాలు చెప్పి వెళ్ళేవాళ్ళు. అయినా అడుక్కుని పాడించుకున్నట్టుందని అమ్మ బాధ.

ఒక ఏడు నక్షత్రంలో నూనె దీపం పెట్టి చూశాం. నక్షత్రం అంటుకుంది. కేరల్స్ వాళ్ళు పిలవకుండానే వచ్చారు గాని పాడటానికి కాదు, బకెట్లతో.

"పిలవకుండా ఒక్కసారి వస్తే చాలు" అనేది అమ్మ. నగా నట్రా అడిగిన మనిషి కాదు. నాన్నని అడిగింది ఇదొక్కటే. నాన్న ఇవ్వలేకపోయిందీ ఇదొక్కటే.

ఎనభైల చివర్లో నాకు తెనాలిలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. పొద్దున పాసింజరుకి వెళ్ళి సాయంత్రం పాసింజరుకి ఇల్లు చేరేదాన్ని. అప్పటికే అక్కని బాపట్ల ఇచ్చాం. బావ అక్కడ కాలేజీలో పనిచేసేవాడు. ఏ పనైనా తన చెయ్యి పడితేనే చక్కబడుతుందని ఆయనకి గట్టి నమ్మకం. "మావయ్యగారి భయం పోగొట్టే పూచీ నాది" అని, ఆ డిసెంబరులో ఒక ఆదివారం నాన్ననీ నన్నూ భోజనానికి పిలిచాడు. మాకు చూపించాలని ఇనప గేటు పొడుగునా రంగు బల్బుల సీరియల్ సెట్టు కట్టి, పట్టపగలే వెలిగించి ఉంచాడు. ప్రతి అతుకుకీ టేపు చుట్టి, దానిపైన పాలిథిన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించాడు.

ఆ తెల్లవారుజామున ఒక జల్లు పడి వెలిసింది. మేం వెళ్ళేసరికి ఆ కవర్లన్నీ నీళ్ళతో నిండి మేకల పొదుగుల్లా వేలాడుతున్నాయి. పైనుంచి నీళ్ళు దూరాయి, కిందికి పోయే దారి లేదు. నేను నోరు తెరిచేలోపే నాన్న గేటు మీద చెయ్యి వేశాడు, వేసిన చెయ్యి విదిలించుకున్నాడు. చెప్పులు పొడిగా ఉండబట్టి చురుక్కుమనడంతో పోయింది. బావ పరుగెత్తి స్విచ్ కట్టేసి, "ఏం కాలేదు కదా మావయ్యగారూ, ఏం కాలేదు కదా" అంటూ చుట్టూ తిరిగాడు. నాన్న ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి బస్టాండు వైపు నడిచాడు. అక్క వండిన పలావు వండినట్టే ఉండిపోయింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారే, మా బావ చేసిన పని అది. బస్సులో దారి పొడుగునా నాన్న తన అరచెయ్యి చూసుకుంటూనే ఉన్నాడు.

ఆ ఏడు అమ్మ లాంతరు తుడవలేదు. కేరల్స్ వాళ్ళు వచ్చిన తెల్లవారుజామున లేవనూ లేదు. పాట మా గేటు దాకా వచ్చి, ఆగి, పక్కింటి ముందు మళ్ళీ మొదలైంది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని విన్నది. ఆమె మేలుకునే ఉందని నాకు తెలుసు, నేను మేలుకునే ఉన్నానని ఆమెకి తెలుసు. నాకు బావ మీద కోపమొచ్చింది, నాన్న మీద కోపమొచ్చింది, కరెంటు కనిపెట్టినవాడి మీద కూడా కోపమొచ్చింది.

ఆ కోపం ఏడాది పాటు ఆరలేదు. మళ్ళీ చలికాలం మొదలవుతుండగా నాన్నతో పేచీకి దిగాను.

"నీళ్ళు దూరని అతుకు తెస్తే లైటు కడతావా?"

"అలాంటిది లేదు."

"ఉంటే?"

నాన్న లెక్కల మేష్టారు. 'ఉంటే' అన్న మాటని తోసిపుచ్చడం ఆయన వల్ల కాదు. "పరీక్ష పెడతా. నెగ్గితే కడతా" అన్నాడు.

పరీక్షకి కరెంటుతో పని లేదు. ఎన్నికల డ్యూటీకి వెళ్ళినప్పటి కాపీయింగ్ పెన్సిలు నాన్న దగ్గర ఉండేది. పొడిగా ఉన్నంతసేపూ దాని రాత బూడిద రంగు, తడి తగిలితే ఊదా రంగు. దాని ములుకు బ్లేడుతో గీకి, ఆ పొడి ఒక తెల్ల కాగితం ముక్కకి పట్టించి, ముక్కని అతుకు లోపల పెట్టి మూసేయాలి. వైరుతో సహా మునగ చెట్టుకి వేలాడదీయాలి. అమ్మ మొక్కలకి నీళ్ళు చల్లే డబ్బాతో దాని మీద వాన కురిపించాలి. ఆపైన మంచుకి వదిలెయ్యాలి. విప్పి చూసినప్పుడు కాగితం బూడిదగా ఉంటే నెగ్గినట్టు, ఊదాగా మారితే తప్పినట్టు. మార్కులు వేసే పని లేదని నాన్న సంబరపడ్డాడు.

నల్ల టేపు తప్పింది. రెండు ముక్కలుగా వచ్చే, వైర్లని కలిపే బేకలైట్ కనెక్టరు తప్పింది. పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి రెండు కొసలా పురికొసతో బిగించి చూశాను, అదీ తప్పింది. నా విద్యార్థులందరూ వరసగా ఊదా మొహాలు పెట్టుకుని బయటికొస్తున్నారు.

తెనాలిలో స్టేషను నుంచి ఆఫీసుకి వెళ్ళే దారిలో ఒక ఎలక్ట్రికల్ షాపు ఉండేది. ఒక ముస్లిం పెద్దాయన నడిపేవాడు. పెళ్ళిళ్ళకీ పీర్ల పండక్కీ దసరా పందిళ్ళకీ లైట్లు ఆయన షాపు నుంచే వెళ్ళేవి. నా గోడంతా విని, ఆయన లోపలి నుంచి ఒక లావుపాటి నల్ల కనెక్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒళ్ళంతా రబ్బరు, లోపల వాషరు, పైన మర తిప్పి బిగించే మూత. పొలాల్లో మోటార్లకి వాడతారట.

"ఇది బావిలో పడేసినా ఏం కాదు బేటీ" అన్నాడు.

చేతిలో పట్టుకుంటేనే ధైర్యం వచ్చే వస్తువది. ఆ సాయంత్రం రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. నాన్న కాగితం పెట్టి బిగించాడు, చెట్టుకి కట్టాం, అమ్మ నీళ్ళు పోసింది. నాలుగు రోజులాగి విప్పితే ఊదా.

మర్నాడు దాన్ని తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. "బావిలో పడేసినా ఏం కాదన్నారు కదండీ."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావిలో పడేశావా?"

"లేదండి. చెట్టుకి కట్టాం, మంచులో."

"అదీ సంగతి. నేను బావి గురించి చెప్పాను, మంచు గురించి చెప్పానా?"

ఒళ్ళు మండింది. సాయంత్రం రైలు వేమూరు దాటాక గాని నవ్వు రాలేదు. ఏమైతేనేం, ఆయన దాన్ని ఉంచేసుకుని, అలాంటివే మరి రెండు చేతిలో పెట్టి, "వీటినీ చూడు" అన్నాడు. ఆ రాత్రి భోజనాలకి ముందు నాన్న రెండిట్లోనూ కాగితాలు పెట్టి బిగించాడు. ఒకటి చెట్టెక్కింది. రెండోది తర్వాత కడదామని ముందు గది కిటికీలో పాటల పుస్తకాల వెనక పెట్టాం, పెట్టి మర్చిపోయాం.

చెట్టు మీది దాన్ని విప్పిన ఆదివారం నాకు బాగా గుర్తు. చర్చి నుంచి వచ్చి, ముగ్గురం పెరట్లో నిలబడ్డాం. నాన్న మూత తిప్పి కాగితం బయటికి లాగాడు. ఊదా. నాన్న "చూశావా" అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదది. ఆయన కూడా అది నెగ్గాలనే కోరుకుంటున్నాడని నాకు ఆ క్షణంలో తెలిసింది. అప్పటిదాకా నాతో పోట్లాడుతున్నాడనే అనుకున్నాను.

"ఇంకోటి ఉండాలే" అంది అమ్మ. లోపలికి వెళ్ళి, పాటల పుస్తకాల వెనక నుంచి రెండోదాన్ని తెచ్చి, చీర చెంగుతో పట్టుకుని మూత తిప్పింది. అందులో కాగితం కూడా ఊదా.

నేను నెత్తి కొట్టుకోబోయాను. అమ్మ మాత్రం ఆ కాగితాన్ని అలాగే చూస్తూ నిలబడింది.

"దీని మీద వాన పడలేదు, మంచు పడలేదు. గడప దాటలేదు. మరి దీనికి తడి ఎక్కడిది?"

నాన్న మూత తీసుకుని లోపలి వాషరు తడిమి చూశాడు.

"మూసేటప్పుడే లోపలుంది" అంది అమ్మ. "ఆవకాయ జాడీ కడిగి, ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచి గాని ముక్క వెయ్యం. వేసే చెయ్యి కూడా పొడిగా ఉండాలి. మీరేమో పొద్దుగూకాక మంచు దిగుతుంటే వాకిట్లో కూర్చుని, చేతులు కడుక్కొచ్చి మరీ బిగిస్తారు. తడిని లోపల పెట్టి తాళం వేస్తే బయటి నుంచి రాలేదని ఏం లాభం?"

పొద్దుగూకాక బిగించడానికి కారణముంది. ప్రార్థన చెయ్యకుండా నక్షత్రం పని ముట్టుకోకూడదని మా పేట ఆనవాయితీ. కుటుంబ ప్రార్థన దీపాలు పెట్టాక. కాబట్టి పేటలో ప్రతి నక్షత్రానికీ అతుకు పడేది సరిగ్గా మంచు కురిసే వేళకే. నా రైలు వచ్చేదీ అప్పుడే. ఒట్టి పరీక్షకి కూడా ఆ ఆనవాయితీనే పట్టుకున్నాం. ఎవరికీ తట్టలేదు. ఏటా పేటలో ఎన్ని ఇళ్ళ గుంజలు చురుక్కుమనేవో, 'చలికి తిమ్మిరి' అని ఎందరు సరిపెట్టుకునేవారో దేవుడికే తెలియాలి.

"అయితే ప్రార్థన?" అన్నాడు నాన్న.

"మధ్యాహ్నం చేస్తే దేవుడు వినడేంటండి" అంది అమ్మ.

చేశాం. ఎండ నడినెత్తిన ఉండగా వాకిట్లో ముగ్గురం తలవంచుకుని నిలబడ్డాం. నాన్న ప్రార్థన చేశాడు. చాప మీద కనెక్టర్లు, వాషర్లు, కాగితం ముక్కలు వడియాల్లా ఎండుతున్నాయి. ఆమెన్ అన్నాక నాన్న చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని బిగించాడు. చెట్టుకి కట్టబోతూ మాత్రం ఆగిపోయాడు. పైకి చూస్తున్న మూతని కిందికి చూసేట్టు తిప్పాడు. అతుకుకి వచ్చే వైరుని బిగుతుగా లాగకుండా కిందికి వదిలి, జారిన జందెంలా వేలాడనిచ్చి, మళ్ళీ పైకి తెచ్చాడు.

"అదెందుకు నాన్నా?"

"బట్టల తాడు మీద వాన నీళ్ళు ముడి దగ్గర పడవు. జారి జారి, ఎక్కడ వేలాడితే అక్కడికొచ్చి బొట్టు బొట్టుగా పడతాయి. ఇన్నేళ్ళూ వానలో కూర్చుని నేను చూసింది అదేగా" అన్నాడు.

అప్పటిదాకా వాన రాత్రుళ్ళు ఆయన ఒట్టి భయంతోనే కూర్చున్నాడని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు డబ్బా మీద వాన చుక్కల బొమ్మ వేసిన కనెక్టర్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి. నేను మాత్రం ఇప్పటికీ వాటిని మిట్టమధ్యాహ్నమే బిగిస్తాను, వైరుని వేలాడనిస్తాను. మా వీధిలో నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

అమ్మ నీళ్ళు పోసింది చూడాలి. ఆ మునగ చెట్టు పుట్టి అన్ని నీళ్ళు తాగి ఉండదు. అన్ని రోజులూ మంచు కురిసింది. విప్పేరోజు నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం బయటికి తీశాడు. బూడిద రంగు. వెలుగులో పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు. నమ్మకం కుదరక వేలు తడి చేసుకుని ఒక మూల అద్దాడు. వేలు పెట్టినచోట ఊదా రంగు విచ్చుకుంది.

"పెన్సిలు మంచిదే" అన్నాడు నాన్న. ఒప్పుకున్నానని ఆయన చెప్పే పద్ధతి అది.

అయినా షరతులు పెట్టాడు. గుంజ వెదురుదే కావాలి, ఇనప గొట్టం పనికిరాదు. నక్షత్రం స్విచ్ ముందు గదిలో తన మంచం తలాపునే ఉండాలి, చెయ్యి చాస్తే అందాలి. అమ్మ అన్నిటికీ సరేనంది. మంచాన్నే స్విచ్‌కి కట్టమన్నా కట్టేదేమో. ఎర్ర జిలెటిన్ కాగితం నక్షత్రం మా ఇంటి ముందు మొదటిసారి వెలిగింది. కాని పొడి రోజుల్లో వెలగడం గొప్ప కాదని ముగ్గురికీ తెలుసు.

పండగ ఇంకా కొన్నాళ్ళుందనగా వాయుగుండం పట్టింది. సాయంత్రం అన్నాల వేళకి టపటపా చినుకులు మొదలయ్యాయి. నాన్న లేచాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మెయిన్ దగ్గరికి వెళ్ళి పిడి మీద చెయ్యి వేశాడు. అమ్మ కంచంలో అన్నం కలుపుతూ ఆగిపోయింది. తల ఎత్తలేదు. నాన్న ఎంతసేపు అలా నిలబడ్డాడో చెప్పలేను. తర్వాత చెయ్యి దించాడు, పిడిని దించలేదు. కుర్చీ తీసుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

వాన వెలుతురులో ఎలా ఉంటుందో మా ఇంట్లోంచి నేను చూడటం అదే మొదలు. ఎర్రటి వెలుగులో చినుకులు పడుతున్నాయి. వైరు వేలాడినచోట నీళ్ళు బొట్టు బొట్టుగా రాలుతున్నాయి, నాన్న చెప్పినట్టే.

తెల్లవారుజామున కేరల్స్ వాళ్ళు గొడుగులూ గోనె సంచులూ కప్పుకుని బయల్దేరారు. తడికి డోలకు గొంతు బొంగురుపోయింది. అమ్మ వంటింట్లో టీకి నీళ్ళు పెడుతోంది. నాన్న కుర్చీలోంచి లేచి వానలోకి దిగాడు. గుంజకి ముందు చేతి వెనక వైపు ఆనించాడు, తర్వాత అరచెయ్యి పెట్టాడు, పెట్టి కాసేపు తియ్యలేదు. అప్పుడే పాట మా గేటు ముందుకొచ్చి ఆగింది. దాటిపోలేదు. అక్కడే మొదటి చరణం ఎత్తుకున్నారు.

అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "పిలిచావా?" అంది నాతో.

"లేదమ్మా."

"ఏవండీ, మీరు పిలిచారా?"

"నేనెందుకు పిలుస్తాను" అన్నాడు నాన్న వానలోంచి.

అమ్మ గడప మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపులో ఇంత తేలిక ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. నాన్న గేటు గడియ తీసి, "రండి, తడుస్తున్నారు, లోపలికి రండి" అని అందరినీ వరండాలోకి తెచ్చాడు. గులాబీ పువ్వులన్నీ అయిపోయాయి.

వాళ్ళు వెళ్ళాక నాన్న తల తుడుచుకుని, ఒక్కసారి నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగాడు. బయట వాన ఇంకా పెద్దదైంది. మెయిన్ పైకే ఉంది. కాసేపటికి గురక వినిపించింది. నాకు బుద్ధి తెలిశాక వాన కురుస్తుంటే నాన్న నిద్రపోవడం నేను చూడలేదు. పెళ్ళయ్యాక తనూ చూడలేదంది అమ్మ.

బాగా పొద్దెక్కింది. నక్షత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆర్పుదామని మంచం తలాపు స్విచ్ మీదికి చెయ్యి చాపాను. టక్కుమంటే లేస్తాడని అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. మధ్యాహ్నం ఎదురింటి ఆవిడ గొడుగేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"ఏంటి వదినా, పట్టపగలు నక్షత్రం వెలుగుతోంది. ఆర్పడం మర్చిపోయారా?"

అమ్మ వానలోనే గేటు దాకా నడిచి వెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది.

"మర్చిపోలేదు వదినా. మా ఆయన నిద్రపోతున్నారు."